పత్రా మీంచి పడ్డదెవరు?

పోయిన నెల హైదరాబాదులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు సభకు పిలిస్తే వెళ్ళాను. నేను మాట్లాడింది తక్కువ, శాలువా కప్పించుకుని కూర్చున్నది ఎక్కువ. నా తర్వాత మాట్లాడిన మేనేజ్‌మెంట్ మాస్టారు మంచి వక్త. పిల్లలు ఫోన్లు పక్కన పెట్టేలా ఒక పెద్దమనిషి కథ ఎత్తుకున్నాడు. లారీలకు లోడు వెతికిపెట్టే యాప్ ఒకటి తయారుచేసి, దాని మీద పెద్ద కంపెనీ నిలబెట్టిన షోలాపూర్ తెలుగువాడి కథ అది.

"చిన్నప్పుడు ఆయన ఇంటి మీద రేకులు ఎక్కి టీవీ యాంటెన్నా తిప్పుతున్నాడు. కింద చుట్టుపక్కల వాళ్ళంతా టీవీ ముందు కూర్చుని ఉన్నారు. రేకు విరిగి దబ్బున ఇంట్లో పడ్డాడు. లేచి, మోచేతి రక్తం కూడా తుడుచుకోకుండా ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? 'బొమ్మ వచ్చిందా?' చూశారా! కస్టమర్ సంతృప్తి అంటే అదీ!"

హాలంతా చప్పట్లు. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు నటించాను. పక్కనున్న ప్రిన్సిపాల్‌గారు పాపం మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చారు.

ఆ కథ లోకంలోకి వచ్చింది నా పుస్తకంలోంచి. షోలాపూర్‌లో రేకుల కప్పును పత్రా అంటారు. ఆ పత్రా మీంచి పడ్డవాడు ఆ పెద్దమనిషి కాదు. పడ్డవాడు ఇప్పుడు అశోక్ చౌక్‌లో ఆటో నడుపుతున్నాడు, అడిగితే మోచేతి మీద మచ్చ కూడా చూపిస్తాడు. అతను పడ్డ పాటును తీసి ఈయనకు అంటగట్టింది జోడ్‌భావి పేట్‌లో బీడీలు చుట్టే ఒక ముసలమ్మ. మొన్న వానాకాలంలో పోయింది. ఆ చప్పట్ల మధ్య ఆమె మీద ఎంత బెంగ కలిగిందో చెప్పలేను. పక్కన ఉండి ఉంటే నా తొడ గిల్లి మరీ నవ్వేది.

ఆమె పేరు రాయను. అది ఆమె పెట్టిన షరతు. "నా పేరు రాయకు బిడ్డా. పేరుంటే రేపు పోలీసోడు సీదా నా ఇంటికే వస్తడు. పేరు లేకుంటే ఎవల్ని అడుగుతడు? గాలినడగాలె" అంది. వాడంతా ఆమెను పెద్దమ్మ అనేది, నేనూ అదే అన్నాను.

జీవితచరిత్రలు రాయడం నా వృత్తి. ఎక్కువగా, పిలిచి రాయించుకునే వాళ్ళవి. ఈసారి ప్రచురణకర్తకు వేరే ఆలోచన పుట్టింది. ఈ లారీల యాప్ ఆయన మీద పుస్తకం కావాలన్నాడు. ఆయన ఆఫీసుకు రాస్తే రెండు ముక్కల్లో జవాబు వచ్చింది. సార్‌కు పుస్తకం ఇష్టం లేదు, సార్ మాట్లాడరు, తప్పులు రాస్తే కోర్టులో చూసుకుందాం. నేను నీరుగారిపోయాను గానీ ప్రచురణకర్త ముఖం వెలిగిపోయింది. "ఇంకేం, అనుమతి లేని జీవితచరిత్ర అని అట్ట మీదే వేద్దాం" అన్నాడు. నేను పుట్టింది షోలాపూర్‌లోనే. మా నాన్న అక్కడ పవర్‌లూమ్ నడిపినవాడు. పెళ్ళయ్యాకే నేను హైదరాబాద్ చేరాను. భాష తెలుసు, గల్లీలు తెలుసు. ధైర్యంగా బయల్దేరాను.

ఆయన పుట్టి పెరిగిన జోడ్‌భావి పేట్‌లో ఎవర్నడిగినా ఒకటే మాట. "పెద్దమ్మను అడుగు."

ఒకే వాకిలి చుట్టూ ఇళ్ళున్న పాత వాడ అది. ఆమెది చివరి ఇల్లు. వెనక గోడకు అవతల మగ్గాల షెడ్డు. గోడకు ఆనుకుంటే మగ్గాల అదురు వీపుకు తెలుస్తుంది. బక్కపలచని మనిషి, రూపాయి బిళ్ళంత బొట్టు, చెవి మీద ఎప్పుడూ వేలాడే దారం పోగు. కాళ్ళు చాపుకుని ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చునేది. తునికాకు ముక్క, అందులో చిటికెడు తంబాకు, ఒక చుట్టు, కొసకు మలుపు, దారం. కళ్ళు ఎప్పుడూ వాకిట్లోనే. తన వేళ్ళను తాను చూసుకోగా నేను చూడలేదు.

మొదటిరోజు నన్ను కూర్చోమని కూడా అనలేదు. తడిపిన ఆకుల కట్ట, ఒక కత్తెర, ఆకు కొలత కోసం రేకు ముక్క నా ముందుకు తోసింది. "కత్తిరించు. చేతులు ఖాళీగుంటే నోరు అబద్ధాలాడుతది" అంది. తర్వాత నాకు తెలిసిందేమంటే, ఆమె చేతులు ఒక్క నిమిషం ఖాళీగా ఉండవు, నోరు అబద్ధాలాడకుండానూ ఉండదు.

మాట్లాడటంలో ఆమెకో పద్ధతి ఉండేది. మగ్గాలు నడిచినంతసేపూ గుట్టుమాటలన్నీ కేకలేసి చెప్పేది. పక్కింటి కోడలి సంగతి, ఎదురింటి తగాదా, అన్నీ. ఆ మోతలో అవతలివాళ్ళకు వినపడదని ధీమా. కరెంటు పోయి మగ్గాలు ఆగాయంటే గబుక్కున మాట మార్చి "ఈ యేడు వానలు మంచిగనే పడ్డయ్ బిడ్డా" అనేది. కరెంటు రాగానే కోడలి సంగతి ఆపిన చోటునుంచి మళ్ళీ మొదలు. ఒకసారి సరిగ్గా మాట మధ్యలో కరెంటు పోయింది. "దాని మొగడేమో" అన్న ముక్క వాడంతా ఖంగుమని వినిపించింది. ఆమె తొణకలేదు. "దాని మొగడేమో దేవుడసుంటోడు" అని పూర్తి చేసి, నా వంక చూసి కన్నుగీటింది.

మాటలు రికార్డు చేసుకోవడానికి నేను ఫోను ముందు పెడితే మొదట్లో దాన్ని అనుమానంగా చూసింది. రెండో రోజుకు అది ఇంటికొచ్చిన చుట్టమైపోయింది. చాయ్ పోసేటప్పుడు దాని వైపు తిరిగి "నీకు వద్దా?" అని అడిగేది. నేను లేచేటప్పుడు నాకు కాదు, దానికి చెప్పేది, "ఇయ్యాల్టికి బస్, మిగిలింది రేపు" అని. జొన్నరొట్టె, శేంగా చట్నీ మాత్రం నాకే పెట్టేది. పల్లీలూ కారమూ కలిపి దంచిన ఆ పొడి కోసమైనా ఆ పుస్తకం ఇంకో ఏడాది సాగితే బాగుండుననిపించేది.

ఆయన ఏం వ్యాపారం చేస్తాడో ఆమెకు నాకన్నా స్పష్టంగా తెలుసు. "పోరడు లారీలకు సంబంధాలు చూస్తడు. లారీ ఈడుంటది, సామాను ఆడుంటది. వీడు నడిమిట్ల కూసొని రెండింటికి జత కలుపుతడు. మా మేనత్త గిదే పని మనుషులకు చేసింది. ఆమె మీద ఎవలు పుస్తకం రాయలే."

ఏ కథ మొదలుపెట్టే ముందైనా ఒక ప్రశ్న అడిగేది. "ఖరం చెప్పాల్నా, మజా చెప్పాల్నా?" ఖరం అంటే నిజం, మరాఠీ మాట. నేను ప్రతిసారీ ఖరమే కావాలన్నాను. ఆమె ప్రతిసారీ సరేనని మజా చెప్పింది. అది నాకు అప్పుడు తెలియలేదు.

అయినా అనుమానం రాకపోలేదు. సోమవారం చెప్పిన కథలో ఆ పిల్లవాడు కుక్కను చూస్తే గల్లీ దాటి పరిగెత్తేవాడు. గురువారానికి వీధికుక్క నోట్లో చెయ్యి పెట్టి ఇరుక్కున్న ఎముక లాగాడు. ఒక కథలో ఎడమచేతి వాటం, ఇంకో కథలో కుడి. ఒకసారి వాడు పాట ఎత్తుకుంటే వాడంతా చాటలు పక్కన పెట్టి వినేది, మరోసారి పాడినందుకు మాస్టారు బయట నిలబెట్టాడు. మేకపిల్ల కోసం బావిలో దూకింది కూడా వాడే. ఇదేమిటి పెద్దమ్మా అని అడిగితే నా అమాయకత్వానికి జాలిపడింది. "పోరలు పెరుగుతరు బిడ్డా. మారరా?" అంది. నేను ఆ అధ్యాయానికి 'బహుముఖ ప్రజ్ఞ' అని పేరు పెట్టాను.

అన్నిటికన్నా గొప్పది బండి కథ. దాన్ని ఆమె మాటల్లోనే వినాలి.

"టవాళ్ల మూటలు తోపుడు బండి మీదేసి అశోక్ చౌక్ దాంక గుంజుకపోయెటోడు. మర్లి వచ్చేటప్పుడు బండి ఖాళీ. ఒకనాడు ఏం తోచిందో ఏమో, నూలు దుకాణం ముందర బండి ఆపిండు. 'సేట్, మీ నూలు మా గల్లీకే గద పోవాలె. నా బండి ఉత్తగనే పోతున్నది' అన్నడు. సేట్ మొకం సూసిండు, నూలు ఎక్కిచ్చిండు. గా దినం సంది పోవుడు నిండుగ, వచ్చుడు నిండుగ. ఎవలు చెప్పిన్రు వానికి? ఎవలు చెప్పలే."

మగ్గాలు జోరుగా నడుస్తున్నాయి. అయినా ఈ కథను ఆమె మెల్లగా చెప్పింది. నేను చెవి దగ్గరగా పెట్టి వినవలసి వచ్చింది.

ఆ సాయంత్రం ఫోనులో కథ వినిపిస్తే ప్రచురణకర్త ఎగిరి గంతేశాడు. ఖాళీగా తిరిగొచ్చే బండికి లోడు! కంపెనీ మొత్తం ఆ తోపుడు బండిలోనే ఉందన్నాడు. ఇదే మొదటి అధ్యాయం, ఇదే ఆఖరి అధ్యాయం, ఇదే పుస్తకం అన్నాడు. ప్రచురణకర్త లాయరు మాత్రం ఒక్క ముసలమ్మ మాట మీద ఇంత రాస్తే నిలబడదనీ, అప్పటివాళ్ళలో ఇంకో నలుగురితో అవుననిపించమనీ చెప్పాడు.

సరే, రాసినంతవరకు పట్టుకుని మళ్ళీ షోలాపూర్ వెళ్ళాను. ఇద్దరు ముగ్గురికి చదివి వినిపిద్దామనుకున్నాను. పెద్దమ్మ చేసే పనులు అంత చిన్నగా ఉండవు. వాడలో ఆడవాళ్ళందరినీ పిలిచింది. ఎప్పుడో బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌కు ఇళ్ళు మారిన పాతవాళ్ళు కూడా ఆటోలు మాట్లాడుకుని వచ్చారు. అందరూ బీడీల చాటలు వెంట తెచ్చుకున్నారు, పుస్తకం కోసం పని ఆపుకునే రకం కాదు వాళ్ళు. వాకిలి నిండా చాటలు. నేను గడప దగ్గర నిలబడి, మగ్గాల మోతకు మించి అరుస్తూ చదవడం మొదలుపెట్టాను.

పత్రా మీంచి పడటం దగ్గరికి రాగానే ఒకావిడ చాట కింద పెట్టేసింది. "ఆగాగు! పత్రా మీంచి పడ్డది మా నడిపోడు గదనే!"

"అవునే, తునికాకు బస్తా మీద పడ్డడు. లేకుంటే నడుమిరుగుతుండె" అంది ఇంకొకావిడ. నేను గొంతు సవరించుకుని ముందుకు పోయాను.

"కుక్క నోట్ల చెయ్యి పెట్టింది మా అన్న కొడుకు! సూదిమందు యాదికొస్తే ఇప్పటికీ ఏడుస్తడు!"

"అరె దేవా, బావిల దునికింది మా తమ్ముడు! వానికి ఈతే రాదు. మేకపిల్లనే వాన్ని గట్టుకు గుంజుకొచ్చింది!"

ఇక ఆ నవ్వులు ఆగలేదు. ఒకావిడ నవ్వి నవ్వి పొలమారింది. ఎవరి చాటలోదో తంబాకు ఒలికింది. ఒక్కో పేజీకి ఒక్కో తల్లి లేస్తోంది, తన కొడుకును, తమ్ముణ్ణి, మరిదిని గుర్తుపడుతోంది, పక్కనామెకు చూపించి మురిసిపోతోంది. నా బహుముఖ ప్రజ్ఞలో ఒక్కో ముఖం ఒక్కో ఇంటికి వెళ్ళిపోతుంటే నేను కాగితాలు పట్టుకుని నిలబడ్డాను. పెద్దమ్మ మాత్రం తనకేమీ సంబంధం లేనట్టు కట్టకు దారం చుడుతోంది.

ఎలాగో బండి కథకు వచ్చాను. మొదలుపెట్టిన రెండు వాక్యాలకే నవ్వులు ఆగిపోయాయి. అందరూ పెద్దమ్మ వైపు చూశారు. ఆమె పక్కనే కూర్చున్న ముసలావిడ మెల్లగా అంది, "గిది నీ కొడుకు గదనే వదినా."

ఆ కొడుకును నేను రోజూ చూస్తున్నదే. గోడ అవతలి షెడ్డులోనే మగ్గాలు బాగుచేసే జాబర్. మధ్యాహ్నం చేతులకు నూనెతో వచ్చి, రొట్టె తిని, నాకో నమస్తే పెట్టి వెళ్ళేవాడు. నా పుస్తకానికి ప్రాణమైన కథ రోజూ నా ముందే రొట్టె తిని వెళ్తోందని నాకు తెలియదు.

నాకు కోపం వచ్చింది. దాచను, బాగానే వచ్చింది. "ఎందుకిలా చేశావు పెద్దమ్మా? నేను ఖరం అడిగాను గదా!" అన్నాను.

ఆమె తాపీగా కట్ట చాటలో పెట్టింది. వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. వాడలో ఎవరైనా పురుడు పోసుకున్నా, మంచాన పడ్డా, ఆమె ఇచ్చే బీడీలు తగ్గితే కార్ఖానాలో పేరు కొట్టేస్తారు. అందుకని మిగతావాళ్ళు తాము చుట్టిన వాటిలోంచి తలా పిడికెడు ఆమె చాటలో వేసి నింపేవారు. బీడీ మలుపులో చుట్టినవాళ్ళ చెయ్యి తెలిసిపోతుంది. ఒకసారి కార్ఖానాలో బీడీలు చూసే మనిషి ఒక బాలింతరాలి చాట పట్టుకుని, ఇందులో ఎంతమంది చేతులున్నయ్ అని నిలదీశాడట. పెద్దమ్మే జవాబు చెప్పింది. "బీడీలు తక్కువైతే అడుగు. చేతులు ఎక్కువైతే నీకేంది?"

ఇప్పుడు నాకూ అదే చెప్పింది. "గంత పెద్ద పుస్తకమంటివి. ఒక్క పోరని చిన్నతనం దానికి సాలుతదా? తలా పిడికెడు ఏసిన."

"కానీ అది ఆయన జీవితం పెద్దమ్మా!"

"నా కొడుకు మీద ఎవలన్న పుస్తకం రాస్తరా బిడ్డా?" ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, నిజంగా అడుగుతోంది. "ఆటో నడిపెటోని మీద రాస్తరా? సంచులు మోసెటోని మీద రాస్తరా? రాయరు. మా గల్లీకి ఒక్కటే బస్సొచ్చింది. అందర్ని ఎక్కించిన. తప్పా?"

నేను జవాబు చెప్పే లోపలే వెనకనుంచి ఒకావిడ లేచింది. తప్పని అంటుందనుకున్నాను. "అయితే మా చిన్నోడేడి?" అని నిలదీసింది పెద్దమ్మను. "అందర్ని ఎక్కిచ్చినవ్. వాడేం పాపం చేసిండు? వాడు గడియారం ఇప్పి మల్ల బిగించలేదా?"

"బిగించినంక ఉల్టా తిరిగింది గదనే!"

"ఎట్ల తిరిగితేంది? తిరిగింది గద!"

మళ్ళీ వాకిలంతా నవ్వులు. ఎవరూ తమ పిల్లవాడి కథ వెనక్కి ఇవ్వమనలేదు. అందరికీ కావలసింది ఇంకో రెండు వాక్యాలు.

కానీ ఊళ్ళో అందరూ నవ్వినంత మాత్రాన కోర్టు నవ్వదు. అవన్నీ తీసెయ్యమన్నాడు లాయరు. తీసేస్తే ఆయన బాల్యంలో పుట్టినరోజు తప్ప ఏమీ మిగలదు. బండి లేకపోతే పుస్తకమే లేదు. నేను పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, తీసెయ్యక తప్పదని చెప్పాను. ఆమె గొడవపడలేదు. నా చేతిలోని కత్తెర తీసుకుంది, నా ముందున్న ఆకు తన వైపు లాక్కుంది. "అయితే నీకు పని లేదు బిడ్డా, పో" అంది. ఉద్యోగాలు చాలా పోగొట్టుకున్నాను గానీ అంత బాధ ఎప్పుడూ కలగలేదు.

చివరి ప్రయత్నంగా రాసినదంతా ఆయన ఆఫీసుకే పంపించాను. ఇందులో ఏది నిజమో ఏది కాదో మీరే చెప్పండి, కాదన్నవి తీసేస్తాను అని రాశాను. చాలాకాలం జవాబు లేదు. తర్వాత ఒకరోజు ఫోన్ వచ్చింది. సార్ షోలాపూర్ వెళ్తున్నారు, మిమ్మల్ని కూడా ఆ పెద్దావిడ ఇంటికి రమ్మన్నారు అన్నారు. అవి ఆమె చెప్పిన కథలని నేను ఎక్కడా రాయలేదు. ఆ కథలు ఎవరు చెప్పగలరో ఆయనకు చదవగానే తెలిసిపోయి ఉంటుంది.

నేను వెళ్ళేసరికి ఆయన వచ్చి ఉన్నాడు. మామూలు చొక్కా, నెరిసిన జుట్టు. పెద్దమ్మ ముందు నేల మీద కూర్చోబోతుంటే ఆమె గదమాయించింది. "జర్ర పక్కకు జరుగు. ఎల్తురుకు అడ్డమొస్తున్నవ్." అంత పెద్ద కంపెనీ ఆసామీ పక్కకు జరిగాడు. వాకిట్లో ఆడవాళ్ళు చాటలతో సహా దగ్గరికి చేరారు. భోజనం వేళ కావడంతో కొడుకు షెడ్డులోంచి వచ్చాడు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని ఒక్క క్షణం సిగ్గుపడ్డారు. తర్వాత జాబర్ తన నూనె చెయ్యి చూపించి ఆగాడు. ఈయన ఆ చేతినే పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

సంచిలోంచి నా కాగితాలు తీశాడు.

"పెద్దమ్మా, దీంట్ల నేనేడున్ననో మొత్తం ఎతికిన. దొరకలే" అన్నాడు. "పత్రా మీంచి పడ్డది ఆటోవాడు. బావిల దునికింది ఒకడు, పాట పాడింది ఇంకొకడు. బండి గుంజింది వీడు." జాబర్ భుజం మీద చెయ్యి వేశాడు.

"నేనా?" జాబర్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఏ నూలు దుకాణం? నాకు యాదే లేదురా."

"నాకు యాదుంది. ఎనుక నడుచుకుంట వస్తుంటి గద నేను" అన్నాడు ఆయన. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగాడు. "అందరిది చెప్పినవ్. నేనేం చేసిన పెద్దమ్మా? చిన్నప్పుడు? నాకే తెలుస్తలేదు. ఒక్కటన్న చెప్పు. ఖరం చెప్పు."

ఎన్నో ఊళ్ళల్లో ఎందరో ఆయన మాట కోసం ఎదురుచూస్తారు. ఆ మధ్యాహ్నం ఆయన ఆమె మాట కోసం ఎదురుచూశాడు. అడిగింది చిన్న విషయమే గానీ, ఆ ముఖం చూస్తే నాకు భయం వేసింది. మజా ఏదో ఒకటి అల్లి చెప్పెయ్యి పెద్దమ్మా అని లోలోపల మొక్కుకున్నాను.

ఆమె చేతిలోని బీడీకి దారం చుట్టి కొస తెంపింది. "నువ్వా? నువ్వేం చెయ్యలే బిడ్డా" అంది.

ఇంకో ఆకు అందుకుంది.

"ఏం చెయ్యలే. గా గడప మీద కూసొని చూసెటోనివి. వీళ్లు పత్రా ఎక్కుతుంటే చూసెటోనివి, పడుతుంటే చూసెటోనివి. బండి గుంజుతుంటే ఎనుకపొంటి పోయి చూసెటోనివి. ఆడుమంటే ఆడకపోతుంటివి. రా అంటే రాకపోతుంటివి. చూసి, నా దగ్గరకొచ్చి అంతా చెప్పెటోనివి. నాకు గీ కథలన్నీ ఎట్ల ఎరుకనుకున్నవ్? చాట ముందల నుంచి నేనేడ లేచిన? నువ్వు చెప్తెనే గద!"

ఆయనకు నవ్వు వచ్చింది. తల వెనక్కి వేసి, కళ్ళు తుడుచుకుంటూ, చిన్నపిల్లవాడిలా నవ్వాడు. జాబర్ నవ్వాడు. వాకిలంతా నవ్వింది. "బరాబర్, పెద్దమ్మా, బరాబర్" అంటున్నాడు ఆయన ఊపిరి తిప్పుకుంటూ. నాకు ఏడుపు వచ్చింది, సంతోషంతోనే.

"గదేమన్న తక్కువ పనా?" అంది పెద్దమ్మ. "చూసెటోడు ఒకడు లేకుంటే పోరలు పత్రా ఎవరి కోసం ఎక్కుతరు?"

నవ్వులు తగ్గాక నేను అడగవలసింది అడిగాను. మరి పుస్తకం సంగతి? ఇవన్నీ ఉంచాలా, తియ్యాలా? ఆయన అనుమతి ఇస్తారా?

"అనుమతి ఇయ్యనక్కా" అన్నాడు వెంటనే. "ఇస్తే మీరు ఖరం రాయాల్సొస్తది. ఇయ్యకుంటే ఇట్లనే ఉంచొచ్చు. కేసు గీసు ఏం పెట్ట. అందర్ని ఉంచుండ్రి. గడియారం ఇప్పినోన్ని సుత ఎక్కియ్యుండ్రి." వెనకనుంచి గడియారం తల్లి చప్పట్లు కొట్టింది. ఆయన మళ్ళీ అన్నాడు. "ఒక్కమాట మాత్రం ఏడన్న రాయుండ్రి. నేను గడప మీద కూసొని చూసిన అని."

"వద్దు" అంది పెద్దమ్మ.

"ఒక్క ముక్కనే పెద్దమ్మా."

"వద్దంటే వద్దు. దునికినోని కథ చదువుతరు, పడ్డోని కథ చదువుతరు. కూసున్నోని కథ ఎవలు చదువుతరు? పుస్తకం ఖరాబైతది." నా వైపు తిరిగి కత్తెర, ఆకుల కట్ట ముందుకు తోసింది. "నువ్వు కత్తిరించు బిడ్డా. వాని మాట ఇనకు."

పుస్తకం అచ్చయింది. పత్రా ఉంది, బావి ఉంది, మేకపిల్ల ఉంది, ఉల్టా తిరిగిన గడియారం ఉంది, బండి ఉంది. జోడ్‌భావి పేట్‌లో దాని కాపీలు చాలా ఇళ్ళలో ఉన్నాయి, ఒక్కో ఇంట్లో ఒక్కో పేజీ మడత పెట్టి ఉంది. ఆయన అడిగిన ఆ ఒక్క ముక్క మాత్రం అందులో లేదు. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆమె మాట కాదనే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు రాస్తున్నాను. వాడలో పిల్లలందరూ ఎక్కుతూ, దూకుతూ, పడుతూ ఉన్నప్పుడు ఆయన గడప మీద కూర్చుని చూశాడు. చూసి, లోపలికి వెళ్ళి, చాట ముందు నుంచి లేవలేని ఒక మనిషికి అంతా చెప్పాడు.